కాగితం లేని చదువు

9 మే 2024, గురువారం
పన్నెండో తరగతి ఫలితాలొచ్చాయి. కామర్స్ పాసయ్యాను. అవ్వ సూరత్ లింబాయత్‌లో మా గల్లీ అంతా మిఠాయి పంచింది. మరమగ్గం (మా మాటలో సాంచా) నడిపే బాపు రాత్రి పాళీకి పోతూ ఒకటే మాట: "సాంచా మీద నాతోనే ఆఖరు. నువ్వు యూనివర్సిటీకి పోవాలె."

12 మే, ఆదివారం
వీర్ నర్మద్ యూనివర్సిటీ కాలేజీల్లో బీకాంకు గుజరాత్ కాలేజీ ప్రవేశాల పోర్టల్ జీకాస్‌లో దరఖాస్తు పెట్టాను. మనసు మాత్రం కుదురుకోలేదు. మా గల్లీలో బీకాం చదివిన అన్నలిద్దరూ రింగ్ రోడ్డు బట్టల మార్కెట్లో బిల్లులు రాస్తున్నారు. దానికి మూడేళ్లా? పెద్దబాపు వరాఛాలో వజ్రాలు సానబట్టడం నేర్చుకొమ్మంటాడు. అక్కడ గిరాకీ పడిపోయి, ఉన్నవాళ్లకే పని లేదు.

19 మే, ఆదివారం
పాండేసరాలో ఒక డైయింగ్ మిల్లు ఎలక్ట్రీషియన్ అప్రెంటిస్‌లను తీసుకుంటోంది. రెండేళ్లు. 2019 నిబంధనల ప్రకారం పన్నెండు పాసైనవాళ్లకు నెలకు కనీసం 7,000, రెండో ఏడు పది శాతం ఎక్కువ. బాపు నవ్వాడు: "సాంచా నడిపితే అంతకు రెండింతలొస్తయి గదరా."

నిజమే. బాపు సిరిసిల్ల నుంచి వచ్చి మామ పక్కన నిలబడి నేర్చుకున్నాడు: తెగిన పోగు ముడేయడం, బీము ఎక్కించడం, మోటారు చప్పుడు విని జబ్బు చెప్పడం. అదీ అప్రెంటిస్‌షిప్పే కదా! కానీ చేతిలో ఒక్క కాగితం లేదు. కార్ఖానా మారితే మళ్లీ కొత్తవాడే, మీటరు లెక్క కూలే. 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం కింద ముప్పై మందీ ఆపైనా ఉన్నచోట అప్రెంటిస్‌లను తీసుకోక తప్పదు. మా కార్ఖానాల్లో ఒకే పేరు మీద ముప్పై మందిని చూపే సేఠ్ ఎవరు?

2 జూన్, ఆదివారం
మిల్లులో అడగాల్సింది ఒకటే: ఒప్పందం ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పోర్టల్లో నమోదు చేస్తారా? చేయకపోతే అది చవక కూలి, అంతే. చేస్తే చివర పరీక్ష, దేశమంతా చెల్లే సర్టిఫికెట్. చట్టం అప్రెంటిస్‌ను కార్మికుడిగా లెక్కించదు, తర్వాత ఉద్యోగం ఇచ్చి తీరాలనీ అనదు. ఇది కూడా రాసిపెట్టుకుంటున్నా, రేపు ఏడ్చి లాభం లేదు.

8 జూన్, శనివారం
నమోదు చేస్తామన్నారు. మిల్లుకే పోతాను. బీకాం అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీలో ఇంటి నుంచే చదువుతాను. బాపు ఒక పూటంతా మాట్లాడలేదు. సాయంత్రం, "ఆ కాగితం జిరాక్సు నాకొకటియ్యి" అన్నాడు. నాకు 18 నిండాయి కాబట్టి ఒప్పందం మీద ఆయన సంతకం అక్కర్లేదు.