ఓల్నీలో మా జోలపాట

మా ఇంట్లో జోలపాట ‘అమేజింగ్ గ్రేస్’. నవ్వకండి. నరసాపురంలో మిషన్ స్కూల్లో చదువుకున్నాను. పొద్దున్నే ప్రేయర్‌లో పాడించేవారు. అర్థం తెలియకపోయినా ఆ రాగం మనసులో ఉండిపోయింది. పాప పుట్టాక, ఈ దేశపు చలి రాత్రుళ్లలో ఎత్తుకుని తిరుగుతుంటే నా నోటికొచ్చింది అదే.

ఇప్పుడు దానికి పదేళ్లు. మొన్నామధ్య స్కూలు నుంచి వచ్చి, బ్యాగైనా దించకుండా, “అమ్మా, ఆ పాట రాసినాయన మనుషుల్ని ఓడల్లో తీసుకెళ్లి అమ్మేవాడట. నీకు తెలుసా?” అని అడిగింది. నాకు తెలియదు. “ఇంక నాకు ఆ పాట పాడకు” అని మేడ మీదికి వెళ్లిపోయింది.

చిత్రమేమిటంటే, ఆ పాట పుట్టిన ఊరు మేముండే మిల్టన్ కీన్స్‌కి కారులో అరగంట లోపే. ‘ఓల్నీ’ అన్న బోర్డు చూస్తూనే నాలుగేళ్లు గడిపేశాను. ఈస్టర్ సెలవుల్లో డబ్బాలో పులిహోర సర్దుకుని ముగ్గురం బయల్దేరాం.

ఊరు చిన్నది. రాతి ఇళ్ల మధ్య పొడవాటి హై స్ట్రీట్, మార్కెట్ ప్లేస్, చివర గ్రేట్ ఊజ్ నది, దాని పక్కన కోసైన శిఖరంతో చర్చి. మార్కెట్ ప్లేస్‌లోని ఎర్ర ఇటుకల ఇల్లే ఇప్పుడు కూపర్ అండ్ న్యూటన్ మ్యూజియం. అక్కడ విలియం కూపర్ అనే కవి ఉండేవాడు. మనసు బాగుండని మనిషి. ఆ బాధ మరిచిపోవడానికి మూడు అడవి కుందేళ్లను పెంచుకున్నాడు. మా అమ్మాయి కోపం మొదట కరిగింది ఆ కుందేళ్ల దగ్గరే.

ఆ ఇంటి వెనక తోట, దాని అవతల పాస్టర్ జాన్ న్యూటన్ ఇల్లు. మధ్యలో వేరేవాళ్ల పళ్లతోట. దాంట్లోంచి నడిచి వెళ్లడానికి ఏడాదికి ఒక గినీ కట్టేవారట! అలా రోజూ కలుసుకుంటూ ఇద్దరూ రాసిన పాటలే 1779లో ‘ఓల్నీ హిమ్స్’ పుస్తకమయ్యాయి. మూడువందలకు పైగా పాటలు.

ఆ పాటలు ఎవరి కోసమో తెలిశాక నేను కాసేపు అక్కడే నిలబడిపోయాను. ఓల్నీలో ఆడవాళ్లు లేసు అల్లి బతికేవారు. మ్యూజియంలో ఆ దిండ్లు, బాబిన్లు ఉన్నాయి. పిల్లలు పిన్నులు లెక్కపెట్టుకోవడానికి పాటలు పాడుకునేవారట. మా నరసాపురం లేసు కూడా మిషనరీలు నేర్పిందే. మా అమ్మమ్మ అరుగు మీద కూర్చుని, సూదితో లేసు అల్లుతూ పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలు పాడుకునేది. కళ్లు కనిపించకపోయినా చెయ్యి ఆగేది కాదు.

ఇక అసలు ప్రశ్న. న్యూటన్ బానిసల ఓడల్లో పనిచేశాడు. 1748లో తుఫానులో ఓడ మునిగిపోబోతే దేవుణ్ణి తలుచుకున్నాడు. ఆ రోజే మారిపోయాడని చాలామంది చెబుతారు. కాదు. ఆ తర్వాతే కెప్టెన్ అయ్యి, బానిసల్ని మోసుకెళ్లాడు. 1754లో మానేసింది కూడా జబ్బు చేసి. 1764లో ఓల్నీ వచ్చాడు. 1773 జనవరి 1న ప్రసంగం కోసం ఈ పాట సిద్ధం చేశాడు. మనకు తెలిసిన రాగం దానికి జతైంది అమెరికాలో, 1835లో. బానిస వ్యాపారం ఎంత ఘోరమో, అందులో తన పాపమెంతో చెబుతూ పుస్తకం అచ్చు వేసింది 1788లో. అప్పటికి ఆయనకు 60 దాటాయి.

అమ్మాయి వేళ్ల మీద లెక్కేసింది. “అంటే 34 ఏళ్లు నోరు మెదపలేదా? పాట రాశాక కూడా 15 ఏళ్లా?”

నా దగ్గర జవాబు లేదు. బీఎస్సీ కెమిస్ట్రీ ల్యాబు గుర్తొచ్చింది. టైట్రేషన్‌లో చుక్క చుక్క వేస్తూ ఉంటాం, రంగు మారదు. చివరికి ఒక్క చుక్కతో గులాబీ రంగు వచ్చేస్తుంది. మారింది ఆ ఒక్క చుక్కతో కాదు, అంతకుముందు పడినవన్నీ కలిసి. అది చెప్పాను. “మరి ఈలోపు అమ్ముడుపోయినవాళ్ల సంగతేంటి?” అంది. అదీ నిజమే. ఆ లెక్క ఏ పాటా తీర్చలేదు.

చర్చి ఆవరణలో ఆయన సమాధి ఉంది. లండన్ నుంచి 1893లో ఇక్కడికి తెచ్చారు. దాని మీది మాటలు ఆయనే రాసుకున్నవి. తన గొప్పలు కాదు, తాను ఎంత చెడ్డవాడిగా బతికాడో ముందు చెప్పుకున్నాడు. అమ్మాయి రెండుసార్లు చదివింది. బ్రిటన్ బానిస వ్యాపారాన్ని నిషేధించింది 1807లో. ఆ డిసెంబరులోనే ఆయన పోయాడు. చట్టం వచ్చేదాకా ఉన్నాడన్నమాట.

మీరూ వెళ్లాలనుకుంటే ఎం1 మీద 14వ జంక్షన్‌లో దిగి ఏ509 పట్టుకోండి. ఊళ్లో రైలు స్టేషన్ లేదు. మ్యూజియం తెరిచే రోజులు ముందే చూసుకోండి.

ఆ రాత్రి దుప్పటి కప్పుతుంటే నా చెయ్యి పట్టుకుంది. “అమ్మా, పాడు. కానీ ముందు ఆ కథ మొత్తం చెప్పి, తర్వాత పాడు.”

చెప్పాను. పాట మొదలయ్యేసరికి చాలా పొద్దుపోయింది.