మూడు ఫ్యాన్లు, ఒక రీడింగ్

ముందే చెప్పేస్తున్నా, నా తెలుగులో తప్పులుంటాయి. ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లీష్ మీడియమే. క్లబ్‌లో "నీకు తెలిసింది ఏదైనా రాయి" అన్నారు. నాకు బాగా తెలిసింది పీసీ ఫ్యాన్లు.

నరసరావుపేటలో మా హాల్లో ఉన్న పీసీ నేనే బిల్డ్ చేశా. ముందువైపు మూడు ఫ్యాన్లు. మదర్‌బోర్డు మీద వాటికి మిగిలింది ఒక్కటే హెడర్. ఒక సీనియర్ అన్న "మోలెక్స్ అడాప్టర్ పెట్టేయ్" అన్నాడు. అది పవర్ సప్లై నుంచి నేరుగా 12 వోల్టులు ఇస్తుంది, బోర్డు మీద లోడ్ ఉండదు. కానీ ఫ్యాన్లు ఎప్పుడూ ఫుల్ స్పీడే. అదే హాల్లో నానమ్మ పడుకుంటుంది, రాత్రంతా ఆ గోల ఎందుకని స్ప్లిటర్ కొన్నా. హెడర్ మామూలుగా 1 ఆంపియర్ వరకూ ఇస్తుంది. నా ఫ్యాన్ స్టిక్కర్ మీద 0.2 అని ఉంది. మూడూ కలిపితే 0.6. స్టార్టింగ్‌లో కాస్త ఎక్కువ లాగినా సరిపోతుంది.

స్ప్లిటర్ రాగానే డిఫెక్ట్ పీస్ అనుకుని రిటర్న్ పెట్టబోయా. ఒక కనెక్టర్‌కి నాలుగు పిన్నులు, మిగతా రెండింటికీ మూడే! తర్వాత తెలిసింది, అది కావాలనే అలా చేస్తారట. నాలుగు వైర్లలో రెండు కరెంటుకి. ఒకటి "ఇంత స్పీడ్‌లో తిరుగు" అని బోర్డు ఫ్యాన్‌కి చెప్పేది. ఇంకొకటి "ఇంత స్పీడ్‌లో తిరుగుతున్నా" అని ఫ్యాన్ బోర్డుకి చెప్పేది. మూడు ఫ్యాన్లూ ఒకేసారి చెబితే సిగ్నల్స్ కలిసిపోయి రీడింగ్ తప్పొస్తుంది. అందుకే ఒక్క ఫ్యాన్ మాత్రమే చెబుతుంది. నేను పైఫ్యాన్‌కి ఆ కనెక్టర్ పెట్టి హాస్టల్‌కి వచ్చేశా.

మేలో ఇంటికెళ్తే చెల్లి కంప్లైంట్: "అన్నయ్యా, గేమ్ మధ్యలో ఆగిపోతోంది." చూస్తే ఫ్యాన్ స్పీడ్ 1100, అంతా బాగానే ఉంది. థర్మల్ పేస్ట్ మార్చా, దుమ్ము దులిపా, చివరికి మా ఊరి ఎండని కూడా తిట్టా. మూడోరోజు రాత్రి కరెంట్ పోయినప్పుడు, ఇక తప్పదని సైడ్ ప్యానెల్ ఊడదీశా. నానమ్మని ఫోన్ టార్చ్ పట్టుకోమన్నా. కింద, పవర్ సప్లై మీదుండే మూత వెనక, ఒక కేబుల్ జారి అడుగు ఫ్యాన్ రెక్కల్లో ఇరుక్కుంది. ఎన్నాళ్ల నుంచి ఆగిపోయి ఉందో!

"సరిగ్గా కనిపించట్లేదు, కుడిచేత్తో ఇటు పట్టుకో నానమ్మా."

ఆవిడ ఎడమచెయ్యి మార్చలేదు. చెల్లి నా వంక చూసి తల దించుకుంది.

మార్చిలో బాత్రూంలో జారిపడిందట. మణికట్టు విరిగి, కట్టు కట్టి, కట్టు విప్పడం కూడా అయిపోయింది. అన్ని రోజులూ అమ్మ రాత్రి ఎనిమిదిన్నరకి ఫోన్ చేసి "అందరం బాగున్నాం, తిన్నావా?" అని అడుగుతూనే ఉంది. నేను "ఆ" అని పెట్టేస్తూనే ఉన్నా. అమ్మ మీద అరిచాను. నానమ్మ మధ్యలో వచ్చి, "చెప్పొద్దంది నేనే రా, నీకు పరీక్షలు కదా" అంది.

కేబుల్‌ని ట్యాగ్‌తో గట్టిగా కట్టా. స్ప్లిటర్‌లో నాలుగు పిన్నుల కనెక్టర్ తీసి అడుగు ఫ్యాన్‌కి పెట్టా. పై రెండూ ఎలాగూ గ్లాస్‌లోంచి కనిపిస్తాయి.

ఇప్పుడు హాస్టల్లో, అమ్మ "అందరం బాగున్నాం" అనగానే, "నానమ్మకివ్వు" అంటున్నా.

"బానే ఉన్నా రా."

"ఏ చేత్తో పట్టుకున్నావ్ ఫోను?"

"కుడిచేత్తోనే."

వీడియో ఆన్ చెయ్యమంటే మాత్రం, నాకు రాదు పో అంటుంది.