తెల్లారగట్ల చెరువు ఊపిరి

ఆకివీడు దాటి కొల్లేరు వైపు గట్టు మీద వెళ్తుంటే ముందు ఇంజను మోత వినిపించింది, ఆ తర్వాతే చెరువు కనిపించింది. టైము నాలుగున్నర. రెండు రోజులుగా మబ్బు, ఆకు కదలడం లేదు. కాపలా పాక ముందు నిలబడ్డ రైతు నీళ్ల మీదికి టార్చి కొట్టారు. ఆ వెలుగులో శీలావతులు, బొచ్చెలు వరసలుగా పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి.

“తేలేశాయి బాబూ. మబ్బు పట్టిందంటే మాకు నిద్రుండదు,” అన్నారు.

చెరువును పచ్చగా ఉంచే పాచి పగలు ఎండలో ఆక్సిజన్ తయారుచేస్తుంది. రాత్రయ్యాక ఆ పాచి, చేపలు, అడుగు బురద కలిసి దాన్నే ఖర్చుపెడతాయి. మబ్బు రోజున రాబడి తగ్గుతుంది, ఖర్చు తగ్గదు. తెల్లారేసరికి నిల్వ అడుగంటుతుంది.

పైన ఇంత గాలి ఉంది కదా అనిపిస్తుంది. లీటరు గాలిలో సుమారు 270 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటే, 30 డిగ్రీల మంచినీరు గాలి నుంచి తీసుకుని లీటరుకు ఏడున్నర మిల్లీగ్రాములు మాత్రమే నిలుపుకోగలదు. ఆ కాస్తా కదలని నీటిలో కిందికి దిగాలంటే ఎంతో సమయం పడుతుంది. నీటిలో ఆక్సిజన్ వ్యాపించడం గాలిలో కంటే దాదాపు పదివేల రెట్లు నిదానం.

రైతు నన్ను ఇంజను దగ్గరికి తీసుకెళ్లారు. చెరువు నీళ్లే తోడి, మళ్లీ చెరువులోకే పోస్తోంది. వెదురు గుంజల మీద మనిషి నడుమెత్తున పైపు కట్టారు.

“మొదట్లో పైపు మూతి నీళ్లలోనే ముంచేవాణ్ణి. నీళ్లు కదిలేవి గానీ చేప తేరుకునేది కాదు.”

“ఎత్తు నుంచి పడితే ఏం మారింది, బాబాయ్ గారూ?”

“నువ్వే చూడు,” అని టార్చి నా చేతికిచ్చారు.

గట్టు మీద గొంతుక్కూర్చుని చూశాను. ధార నీటిని తాకేచోట చుట్టూ ఉన్న గాలిని లోపలికి ఈడ్చుకుపోతోంది. తెల్లటి బుడగల స్తంభం కిందికి దిగి, కాస్త దూరంలో చెదిరి పైకొస్తోంది. టీ ఎత్తి తిరగబోస్తే నురుగు కట్టినట్టే. మీటరు ఎత్తు నుంచి జారే నీరు పడేసరికి సెకనుకు 4.4 మీటర్ల వేగం అందుకుంటుంది. సన్నగా, నెమ్మదిగా, నున్నగా పడే ధార గాలిని పట్టదు. ఒళ్లంతా గరుకెక్కి వేగంగా పడేదే గాలిని పట్టుకుంటుంది. సెంటీమీటరు బుడగ చీలి మిల్లీమీటరు బుడగలైతే, అదే గాలికి నీటిని తాకే చోటు పదింతలవుతుంది. బుడగ నీటిలో ఉన్నంతసేపూ ఆక్సిజన్ నీటికి అందుతూనే ఉంటుంది.

పీల్చే గొట్టాన్ని ఆయన బురదకు తగలకుండా తాడుతో వేలాడదీశారు. అడుగు కదిలితే ఉన్న ఆక్సిజన్‌నూ బురదే తినేస్తుంది.

చేపలు ఒక్కొక్కటే ధార చుట్టూ చేరాయి. ఇంత పెద్ద చెరువు మొత్తానికి ఒక్క ధార ఊపిరి పోయలేదు. ఎండ వచ్చేదాకా చేపలు తలదాచుకునే చోటు మాత్రం ఇస్తుంది. ఆ చోటు కోసమే ఆయన రాత్రంతా మేలుకుని డీజిలు పోస్తూ కూర్చున్నారు.

తూర్పున వెలుగు వచ్చింది. తవుడు సంచులు కట్టే కుర్రాడు పడవ తీయబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టారు.

“ఇవాళ మేత వద్దురా. ముందు వాటిని ఊపిరి పీల్చుకోనీ.”