జున్ను దొరకని సెంటరు

"అమ్మా, నాకు ఇక్కడ జున్ను సెంటర్లో పని దొరికింది" అని పిల్లోడు ఫోన్లో చెప్తుంటే పక్కన కూర్చున్న నాకు ఒళ్ళు మండింది. వాళ్ళది పీలేరు. యూనివర్సిటీ ఆఫ్ విస్కాన్సిన్‌లో చదవడానికి మొన్న ఆగస్టులో మాడిసన్‌లో దిగాడు. పోయిన శనివారం భోజనానికి పిలిచాం. అటువైపు వాళ్ళమ్మ ఒక్క క్షణం ఆగి, "ఏందబ్బోడా, ఆడ దినమూ ఆవులు ఈనుతాంటాయా?" అనింది.

ఆ తల్లి ప్రశ్న నూటికి నూరుపాళ్ళూ న్యాయమైనది. చీజ్ అంటే జున్ను అని మొదట రాసిన నిఘంటుకారుడెవరో గానీ, ఆయన ఇంట్లో ఆవు ఈనలేదు. జున్నంటే ఏమిటో మీకు చెప్పే పని లేదు. వాయల్పాడులో (బోర్డుల మీద వాల్మీకిపురం, రైలు స్టేషన్లోనూ మా నోళ్ళలోనూ ఇంకా వాయల్పాడే) మా అవ్వకు ఒక పుంగనూరు ఆవు ఉండేది. నా నడుము దాకా కూడా వచ్చేది కాదు. అది ఈనిందంటే వీధికంతటికీ తెలిసిపోయేది. దూడ తాగినాంకనే మనకు. ఆ పాలల్లో బెల్లం, మిరియాలు కొట్టిపోసి ఆవిరికి పెడితే అవ్వ పక్కనే కూర్చునేది, మూత తియ్యనిచ్చేది కాదు. తర్వాత ఇంటింటికీ గిన్నెలు మోసే పని నాది. ఖాళీ గిన్నె వెనక్కి ఇవ్వకూడదని వాళ్ళు గుప్పెడు బియ్యమో ఇంత చక్కెరో వేసి పంపేవాళ్ళు. ఇదీ జున్ను. నెలల తరబడి చలిగదిలో బూజు పట్టించి, ముక్కు మూసుకుని తినేదానికి ఆ పేరెట్లా ఇస్తారు?

సరే, సెంటరు సంగతి. మనకు సెంటరంటే జిరాక్స్ సెంటరు, ట్యూషన్ సెంటరు, పొద్దున్నే క్యాను పట్టుకుపోయే పాల సెంటరు. ఇక్కడ ఏ చెట్టు కింద చూసినా ఒక సెంటరు బోర్డే. పాలకు ఒకటి, దక్షిణాసియాకు ఒకటి. పిల్లోడు జున్ను సెంటరన్న సెంటర్ ఫర్ డైరీ రీసెర్చ్‌ను 1986లో పెట్టారు. చీజ్ చేసేవాడికి ఇక్కడ 'మాస్టర్ చీజ్‌మేకర్' అని పట్టా కూడా ఇస్తారు. ఇంత పెద్ద పాల రాజ్యంలో ఇరవై రెండేళ్ళుగా ఉన్నాను. జనవరిలో పెరుగు తోడుకోవాలంటే గిన్నెకు ఉన్ని టోపీ తొడిగి ఓవెన్లో లైటు వేసి పెట్టాల్సిందే. పెరుగు గోడు వినే సెంటరు మాత్రం నా కంట పడలేదు.

కుళ్ళుకుంటున్నాననుకునేరు. కొంచెం కుళ్ళుకుంటున్నాను. పాల సెంటర్లో "ఫ్యాట్ ఎంత పడింది?" అని మనం రోజూ అడిగే ప్రశ్న ఉంది చూడండి, దాన్ని సులువుగా తేల్చింది ఇక్కడే. 1890లో స్టీఫెన్ బాబ్‌కాక్ అనే ప్రొఫెసరు పాలలో గంధకామ్లం పోసి, సీసాను గిరగిరా తిప్పి, మెడలోకి తేలిన కొవ్వును గీతల మీద కొలిచి చూపించాడు. నీళ్ళు కలిపినవాడికీ కలపనివాడికీ ఒకటే ధర ఇచ్చే అన్యాయానికి ఆ సీసాతో అడ్డుకట్ట పడింది. ఆయన దానికి పేటెంటు కూడా తీసుకోలేదు. ఆయన పేరు పెట్టిన హాల్లో ఇప్పుడు ఐస్‌క్రీం అమ్ముతారు, సున్నా కింద పదిహేను డిగ్రీల్లో కూడా క్యూ ఉంటుంది. మా అవ్వకు సీసా లేదు. బొటనవేలి గోరు మీద ఒక చుక్క వేసుకుని, అది జారే తీరు చూసి "నీళ్ళు" అనేది. ఆమె ఆవు పూటకు లీటరే ఇచ్చినా, పుంగనూరు ఆవు పాలలో వెన్న ఎనిమిది శాతం దాకా ఉంటుందని అంటారు. ఇక్కడి నల్లమచ్చల ఆవులు బిందెలు బిందెలు ఇస్తాయి. వెన్న మాత్రం అందులో సుమారు సగమే.

అయితే నన్ను ఓడించింది వెన్న కాదు, ఒక క్యాను నెత్తురు.

1933 ఫిబ్రవరి. శనివారం. మంచు తుపాను. డీర్ పార్క్ అనే ఊరి నుంచి ఒక రైతు దాదాపు రెండొందల మైళ్ళు బండి తోలుకుని మాడిసన్ వచ్చాడు. బండిలో చచ్చిన పెయ్య, బూజు పట్టిన తీపి క్లోవర్ గడ్డి, పాల క్యాను నిండా గడ్డకట్టని నెత్తురు. మొదట పోయింది ప్రభుత్వ పశువైద్యుడి ఆఫీసుకు. మూసి ఉంది. తిరిగి తిరిగి, తలుపు తీసి ఉన్న ప్రొఫెసరు కార్ల్ పాల్ లింక్ ప్రయోగశాలకు చేరాడు. ఆ గడ్డిలోని విషమేదో తేల్చడానికి వాళ్ళకు ఆరేళ్ళు పట్టింది. దాని వెంటే పోయి 1948లో ఎలుకల మందు చేశారు, దానికి 'వార్ఫరిన్' అని పేరు. అందులోని 'వార్ఫ్' ఇక్కడి పూర్వ విద్యార్థులు 1925లో పెట్టిన పరిశోధన ఫౌండేషన్ పొట్టి పేరు. తర్వాత అదే మనుషుల మందయింది. గుండెకు వాల్వు వేయించుకున్న మా పెదనాన్న వాయల్పాడులో రోజూ రాత్రి మింగిన మాత్ర అదే. దాని మొదలు ఒక విస్కాన్సిన్ పెయ్య అని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

ఈ కథ విన్నప్పుడల్లా నాకు ఇంకో శనివారం గుర్తుకొస్తుంది. నాకప్పుడు పదకొండేళ్ళు. అవ్వ ఆవు మేత ముట్టడం మానేసి, ముక్కు వెంట నెత్తురు. తాతా నేనూ దాన్ని మెల్లగా నడిపించుకుని ఒక ఆఫీసుకు పోయినాం. ఏ ఆఫీసో చెప్పను. తాళం వేసి ఉంది. వాకిట్లో చింతచెట్టు కింద మధ్యాహ్నం దాకా నిలబడినాం. టీ అంగడాయన "సోమవారం రా పెద్దాయనా" అన్నాడు. సోమవారానికి ఆవు లేదు.

ఇన్నేళ్ళూ ఆ తాళాన్ని తిట్టుకుంటూ ఈ కథను మెచ్చుకున్నాను. ఈమధ్యే తట్టింది, ఇక్కడా ఆఫీసు మూసే ఉంది కదా! తలుపు తీసిన లింక్ కూడా ఆ రోజు ఆ రైతుకు చెయ్యగలిగింది దాదాపు ఏమీ లేదు, ఆ గడ్డి మాన్పించమనడం తప్ప. అతనూ తాత లాగే ఉత్త చేతులతో తిరిగిపోయుంటాడు. తేడా ఒక్కటే. అతను తెచ్చిన క్యాను లోపల ఉండిపోయింది. మా ఆవుకేమైందో రాసుకున్నవాళ్ళు లేరు.

మనకేమీ లేదని మాత్రం అంటే ఒప్పుకోను. ఇక్కడొక పెద్దమనిషి "మీవైపు రీసెర్చి అంటూ ఏమన్నా ఉందా?" అని అడిగితే అన్నం సహించలేదు. మదనపల్లె పక్క ఆరోగ్యవరంలో క్షయ రోగులకు వందేళ్ళ కిందటే శానటోరియం ఉంది. 1950లలో అక్కడి వైద్యులు చుట్టుపక్కల పల్లెల్లో బి.సి.జి. టీకా పనిచేస్తుందా లేదా అని ఏళ్ళ తరబడి లెక్కగట్టారు. క్షయ మీద పుస్తకాలు రాసేవాళ్ళకు మదనపల్లె పేరు తెలుసు. పుంగనూరు జాతి అంతరించకుండా పలమనేరు పశు పరిశోధన స్థానం కాపాడుతూ వచ్చింది. 2024 సంక్రాంతికి ప్రధాని తన ఇంట్లో ఆ ఆవులకు మేత పెట్టాక ఈ వీధిలోనూ వాటి ఫొటోలు చూపించినవాళ్ళున్నారు, అవి మావేనన్నట్టు. మావే కదా!

మాటలకూ అంతే. మాడిసన్‌లో వెల్చేరు నారాయణరావుగారు దశాబ్దాల పాటు తెలుగు చెప్పారు. ఇక్కడివాళ్ళు ఇప్పటికీ గౌరవంగా తలుచుకుంటారు. కాదనను. కానీ రైతుల నోటి మాటలను జిల్లా జిల్లా తిరిగి ఏరి, భద్రిరాజు కృష్ణమూర్తిగారు వ్యవసాయ పదాల కోశం తెచ్చింది 1962లో, మన దగ్గర. సంతలో మూడు భాషలు వినపడే కుప్పంలో 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయమే పెట్టారు. జున్నుకూ చీజ్‌కూ తగువు తీర్చమని అక్కడికే ఒక ఉత్తరం రాద్దామనుకుంటున్నాను.

పిల్లోడికి ఈ పాఠమంతా రసమన్నం చల్లారేదాకా చెప్పాను. పాపం, ఓపిగ్గా విన్నాడు. ఫోను మళ్ళీ కలిపి, "అమ్మా, జున్ను కాదంట. చీజంట. పాలు విరగ్గొట్టి చేస్తారు" అన్నాడు.

"విరగ్గొట్టేదానికి చదువెందుకురా? అది సరే గానీ, ఆడ జున్ను దొరుకుతుందా?"

వాడు నావైపు చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను. ఇక్కడి డైరీ ఫారంలో ఒకసారి అడిగి చూశాను. జున్నుపాలన్నీ ఫ్రీజర్లో, దూడలకే. మా అవ్వయినా అదే అనేది, దూడ తాగినాంకనే అని. కాకపోతే ఆమె లెక్కలో ఆ తర్వాత వీధి కూడా ఉండేది.

"దొరకదంటమ్మా."

"జున్ను దొరకని కాడ ఇంకేం సెంటరబ్బోడా!"