పీవీ జ్ఞానభూమి: హైటెక్ సిటీ నుంచి ఒక్క రైలు దూరం

అత్తాపూర్‌లో ఎవరినైనా అడ్రస్ అడగండి. వీధి పేరు తర్వాత, ముందు పిల్లర్ నంబర్ చెప్తారు. ఆ పిల్లర్లు మోస్తున్నది పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వేని. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్లు. 2009లో మొదలైంది. రోజూ ఆ దారిన తిరిగేవాళ్లకు నంబర్లు నోటికొచ్చు. పేరులోని మనిషే 'పీవీఎన్ఆర్' అనే పొడి అక్షరాలైపోయారు.

ఆయన సమాధి చూడాలంటే హైటెక్ సిటీ స్టేషన్‌లో నాంపల్లి వెళ్లే ఎంఎంటీఎస్ ఎక్కండి. రైలు మారే పని లేదు. బేగంపేట దాటగానే నెక్లెస్ రోడ్ స్టేషన్. హుస్సేన్ సాగర్ ఒడ్డునే రాతితో కట్టిన సమాధి, పీవీ జ్ఞానభూమి. ఆటోవాళ్లకు పీవీ ఘాట్ అంటే తెలుస్తుంది. అదే రోడ్డులో 26 అడుగుల కంచు విగ్రహం కూడా ఉంది. ఆయన శతజయంతి నాడు, 2021 జూన్ 28న ఆవిష్కరించారు.

ఢిల్లీలో కాదు, ఇక్కడెందుకు?

ఐదేళ్లు ప్రధానిగా చేసిన మనిషి 2004 డిసెంబర్ 23న ఢిల్లీలోనే కన్నుమూశారు. భౌతికకాయాన్ని కాంగ్రెస్ ప్రధాన కార్యాలయానికి తీసుకెళ్తే గేటు బయటే ఆపేశారు. అంత్యక్రియలు హైదరాబాద్‌లో, ఈ చెరువు గట్టున జరిగాయి. దేశ రాజధానిలో ఆయన పేరిట స్మారకం రావడానికి 2015 దాకా ఆగాల్సొచ్చింది. భారతరత్న 2024లో వచ్చింది.

మన జీతానికీ ఆయనకూ ఏంటి సంబంధం?

1991 జూన్‌లో పీవీ ప్రధాని అయ్యేసరికి దేశం దగ్గరున్న విదేశీ మారకం రెండు మూడు వారాల దిగుమతులకే సరిపోతుంది. ఆ జులైలో దాదాపు 47 టన్నుల బంగారాన్ని విదేశాల్లో తాకట్టు పెట్టారు. జులై 24న ఆర్థికమంత్రి మన్మోహన్ సింగ్ బడ్జెట్ పెట్టారు. అదే రోజు కొత్త పారిశ్రామిక విధానం వచ్చింది. 18 రకాల పరిశ్రమలు తప్ప మిగతావాటికి లైసెన్సులు తీసేశారు. పరిశ్రమల శాఖ పీవీ చేతిలోనే ఉండేది. విదేశీ పెట్టుబడికి తలుపులు తెరుచుకున్నాయి.

అలాగని హైటెక్ సిటీ ఆయన కట్టింది కాదు. సైబర్ టవర్స్ చంద్రబాబు హయాంలో, 1998లో మొదలైంది. అప్పటికి పీవీ పదవి దిగి రెండేళ్లు. కానీ తలుపులు మూసే ఉంటే, మాదాపూర్ రాళ్ల గుట్టల మధ్యకు ఇన్ని విదేశీ కంపెనీలు వచ్చేవా? అన్నట్టు, అరవై దాటాక కంప్యూటర్ ముందు కూర్చుని ప్రోగ్రామింగ్ నేర్చుకున్న నాయకుడాయన.

ఇదంతా ఒకవైపు. 1992లో బాబ్రీ మసీదు కూలినప్పుడు ప్రధాని కూడా ఆయనే. ఆపలేకపోయారన్న మాట ఇవాళ్టికీ వినిపిస్తుంది. సమాధి దగ్గరికి వెళ్లేవాళ్లు రెండూ తెలుసుకుని వెళ్లడమే న్యాయం.

జయంతికి, వర్ధంతికి నాయకులు పూలు తెస్తారు. మిగతా రోజుల్లో వెళ్తే తీరిగ్గా చూడొచ్చు. సాయంత్రం చెరువు గాలి బాగుంటుంది. అమ్మానాన్నల్ని వెంట తీసుకెళ్లండి. 1991కి ముందు ఫోన్ కనెక్షన్ కోసం, స్కూటర్ కోసం ఏళ్ల తరబడి ఎలా ఎదురుచూశారో అక్కడే అడగండి. ఏ శిలాఫలకమూ చెప్పని కథ వాళ్ల దగ్గరుంది.