తలకట్టు స్థానమున శిరోరేఖ
నాందేడ్ జిల్లా దెగ్లూరు తాలూకాయందలి మా మర్ఖేల్‌లో నిన్నరాత్రి అమ్మకు జాబు వ్రాయఁబూని, తెర చూడకయే మీటలు నొక్కుచుండఁగా, 'కుశలమా' అను పదము తలకట్టునకు మాఱుగా శిరోరేఖ దాల్చి దేవనాగరిలో ప్రత్యక్షమైనది. ఆల్ట్, షిఫ్టు మీటలు రెండును ఒక్కసారిగా వ్రేళ్లక్రింద నలుఁగుటచే లిపి మాఱినదే కాని మాట చెడలేదు. ఏలయన ఇన్‌స్క్రిప్టు అను మీటల అమరికలో తెలుఁగు కకారమునకును మరాఠీ కకారమునకును మీట యొక్కటియే, యూనికోడ్ పట్టికలోను వాని నడుమ దూరము సరిగా 768 స్థానములు, మకారముల నడుమను అంతియే. (1991నాటి ఇస్కీ లిపిసంకేత ప్రమాణమైతే రెంటికిని ఒకే సంఖ్య నొసఁగినది.) చెరిపివేయఁబోయి, ఒకే మాట రెండు లిపులలోను నిలుచునని తోఁచి ఆగితిని. బడిలో మరాఠీ చదివి ఇంట తెలుఁగు పలికెడి పిల్లలకు, మిత్రులారా, ఈ రెండు లిపులను ప్రక్కప్రక్కన వ్రాసి చూపుఁడు.