రేవు చుట్టూ కంచె

భితర్‌కనికలో పిట్టల్ని చూడ్డమంటే ముఖ్యంగా పడవలో కూర్చోవడమే. బైనాక్యులర్ మెళ్లో వేసుకుని, ఆకుల చప్పుడు కాకుండా నడుచుకుంటూ పోదామంటే కుదరదు. చాలాచోట్ల దిగనివ్వరు. దిగినా అడుగు తీసి అడుగు వెయ్యలేనంత బురద. ఆ బురదలోంచి మేకుల్లా పొడుచుకొచ్చిన మడచెట్ల శ్వాసవేళ్లు. వాటి పక్కనే ఎండ కాచుకుంటూ మొసలి.

ఇది ఒడిశాలోని కేంద్రపడా జిల్లాలో, బ్రాహ్మణి, వైతరణి నదులు సముద్రంలో కలిసే చోట ఉంది. మనవైపు నుంచి వెళ్లేవాళ్లు హౌరా లైన్లో భద్రక్‌లో దిగి, రోడ్డు మీద చాంద్‌బాలి వైపు వెళ్లొచ్చు. కోరంగి చూసినవాళ్లకి ఈ మడ అడవి కొత్తగా ఉండదు. అదే ఉప్పు వాసన, అవే ఆటుపోట్లు. కొత్తగా ఉండేది భయం.

నేను జనవరిలో వెళ్లాను. మొదటి గంటంతా లకుముకి పిట్టలే. మన చెరువుల దగ్గర కనిపించే తెల్లరొమ్ముది సరే, ఇక్కడ నల్లటోపీ పెట్టుకున్నదీ, మెడకి తెల్లపట్టీ ఉన్నదీ, ఎర్రటి పెద్ద ముక్కుతో గోధుమరంగు రెక్కలదీ కూడా ఉన్నాయి. పడవతను ఇంజను ఆపేసి చూపుడువేలు ఎత్తేవాడు. అటు చూస్తే ఏదో ఒకటి ఉండేది.

కొంగల్ని అతను 'బగ' అన్నాడు. మన బకధ్యానంలోని బకమే. వానాకాలంలో వేలకొద్దీ కొంగలు గూళ్లు పెట్టుకునే చోటి పేరు బగగహన. నేను వెళ్లేసరికి ఆ సందడి అయిపోయింది. చుట్టూ నీళ్లు, నీళ్లలో మొసళ్లు. ఆ గూళ్ల జోలికి మనిషి వెళ్లడం అంత తేలిక కాదు.

ఆ మొసళ్లు కూడా ఊరికే మిగల్లేదు. 1975లో ఇక్కడి డాంగమాల్‌లో ఉప్పునీటి మొసళ్ల సంరక్షణ మొదలుపెట్టినప్పుడు నదుల్లో ఉన్నవి వంద లోపే. గుడ్లు ఏరితెచ్చి, పొదిగించి, పిల్లల్ని పెంచి నీళ్లలో వదిలారు. ఈమధ్య లెక్కల్లో అవి 1,700 దాటాయి. మన దేశంలో ఇంత బాగా ఫలించిన సంరక్షణ పథకాలు ఎక్కువ లేవు.

రెండోరోజు తిరిగొస్తుంటే ఒక ఊరి రేవు కనిపించింది. మెట్ల చుట్టూ నీళ్లలోకి కంచె కట్టి ఉంది. లోపల ఒకావిడ బట్టలు ఉతుక్కుంటోంది. జూలో మొసలి కంచె లోపల ఉంటుంది, మనం బయట ఉంటాం. ఇక్కడ తిరగబడింది. నేను బైనాక్యులర్ దించేశాను.

ఈ నదుల ఒడ్డున స్నానానికో, చేపలకో దిగినవాళ్లని మొసలి లాక్కుపోయిందన్న వార్తలు వస్తూనే ఉంటాయి. అన్ని రేవులకీ కంచెల్లేవు. కంచె ఉన్నా, చేపలు పట్టేవాడు కంచెలోపల వల వెయ్యలేడు కదా.

పోనీ ఊరివాళ్లకి అడవి వద్దా అంటే అంత సూటిగా తేలదు. 1999 అక్టోబరు సూపర్ సైక్లోన్‌లో, మడ అడవి దట్టంగా అడ్డున్న ఊళ్లలో చావులు తక్కువని ఈ జిల్లా మీదే జరిగిన పరిశోధన చెప్పింది. తుపాను రోజున కాపాడిన అడవే మామూలు రోజున ఒకరిని అడుగుతుంది. ఆ లెక్క కట్టేది మాత్రం మనం కాదు.

ఇంటికొచ్చాక స్నేహితులు ఎన్ని జాతులు చూశావని అడిగారు. చెప్పాను. చెప్తున్నంతసేపూ ఆ రేవే గుర్తొచ్చింది. నేను టికెట్ కొనుక్కుని, లైఫ్‌జాకెట్ వేసుకుని, రెండు రోజులు మొసలికి దూరంగా కూర్చుని వచ్చాను. ఆవిడ మర్నాడు కూడా ఆ నీళ్లలోకే దిగాలి.